షాపింగుకెళ్ళిన ఆది జాకెట్టు

నేను ఒక జాకెట్టుని. అలాగని నన్నెవరూ తొడుక్కోరు. కొత్త గుడ్డ కుట్టడానికి ఇచ్చినప్పుడు, "కొలతకి ఇది ఉంచండి" అని దర్జీ దగ్గర వదిలేసి వస్తారే, ఆ ఆది జాకెట్టుని. కొత్తదానికి పెళ్ళిళ్ళూ పేరంటాలూ, నాకు మిషను పక్కన మేకు. అయినా ఉన్నమాట చెప్పుకోవాలిగా, నేను లేకపోతే ఆ కొత్తది పుట్టనే పుట్టదు.

నేను పుట్టింది తునిలో, సత్యవేణి మిషను మీద. నశ్యం రంగు రూబియా గుడ్డ. అప్పట్లో సత్యవేణి కొత్తగా కుట్లు నేర్చుకుంటోంది. ఆవిడ కుట్టిన జాకెట్లు చంకల్లో పట్టేసేవి, భుజాలు జారేవి. వీధిలో ఆడవాళ్ళు నవ్వేవారు. నవ్వనిది వాళ్ళ అన్నయ్య పెళ్ళాం మంగతాయారు ఒక్కతే. ఎలా కుట్టిచ్చినా కిక్కురుమనకుండా తొడుక్కునేది. పదకొండేళ్ళ కిందట నన్ను కుట్టి ఇచ్చినప్పుడు మాత్రం అద్దం ముందు అటు తిరిగింది, ఇటు తిరిగింది.

"అమ్మాయ్, ఇది నా ఒంటి మీదే పుట్టినట్టుందే! దీన్ని తొడిగి పాడుచెయ్యను. ఆదిగా ఉంచేసుకో" అంది.

అంతే, నా జాతకం అక్కడ రాసేశారు. కుట్ల పక్కన లోపల వేలెడు గుడ్డ వదిలింది సత్యవేణి, రేపు వదిన ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికని. దర్జీలందరిదీ ఇదే వరస. మనిషి లావవుతుందనే అనుకుంటారు గానీ, తరిగిపోతుందని ఒక్కరూ అనుకోరు.

తరిగిపోయే రోజు రానే వచ్చింది. మంగతాయారు ఎడమ రొమ్ములో గడ్డ కనబడింది. కాకినాడలో సూది గుచ్చి చూసి, హైదరాబాద్ తీసుకెళ్ళండి, రొమ్ము తీసెయ్యాలి అన్నారు. ఆవిడ మొగుడు వీర్రాజుకి ఇనప సామాన్ల కొట్టుంది. రోజంతా ఇనుముతో సావాసం చేసే మనిషి, ఆ ఒక్క మాట నోట పలకలేకపోయాడు. ఎదురింటివాళ్ళు ఊరెందుకని అడిగితే, "ఆడాళ్ళిద్దరూ హైదరాబాద్ షాపింగుకెళ్తున్నారండీ" అనేశాడు.

మంగతాయారుకి ఆ అబద్ధం తెగ నచ్చేసింది. "అదే ఉంచుదాం సత్యా. కుండకైతే మూకుడుంటుంది, ఊరి నోటికి మూకుడేదీ? తెలిసిందంటే రేపట్నుంచి నా మొహం చూడరు, నా పైటే చూస్తారు. నేను బతికుండగా ఈ సంగతి మన ఇల్లు దాటకూడదు. నా మీద ఒట్టు" అంది. తర్వాత మేకు మీంచి నన్ను తనే తీసి సంచిలో పెట్టుకుంది. షాపింగుకెళ్తూ ఆది జాకెట్టు తీసుకెళ్ళకపోతే ఎవరు నమ్ముతారు?

ఆసుపత్రిలో పరీక్షలయ్యాక, రెండు రోజులాగి చేరమన్నారు. లాడ్జి గదిలో ఆ గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందని సత్యవేణి వదినని సికిందరాబాద్ జనరల్ బజారుకి లాక్కెళ్ళింది. నేనూ వెళ్ళాను, సంచిలో.

ఏం సందులండీ అవి! మనిషికి మనిషి రాసుకుంటూ నడవాలి. ఒక కొట్టు నిండా లేసులే. ఇంకో దాన్నిండా బొత్తాలే. జాకెట్టు గుడ్డల కొట్లో నేల నుంచి కప్పు దాకా తానులు పేర్చేశారు, పసుపు ఒక్కదాంట్లోనే ఇరవై పసుపులు. సత్యవేణికి కాలు నిలవలేదు. తునిలో పదేళ్ళుగా అవే మూడు మెడలు కుట్టీ కుట్టీ విసిగిపోయిన మనిషి. ఇక్కడ ప్రతి గుమ్మంలోనూ బొమ్మ, ప్రతి బొమ్మకీ కొత్త మెడ. మర్చిపోకుండా అరచేతి మీద వేలితో గీసుకుంటూ తిరిగింది.

"వదినా, ఇటు చూడు, వీపున ఆకులాగా ఎలా కోశాడో! ఇలాంటిది నీకు కుట్టకపోతే నా పేరు సత్యవేణి కాదు."

మంగతాయారు బొమ్మ వీపు చూళ్ళేదు. ముందుకొచ్చి నిలబడి చాలాసేపు చూసింది.

"వీటికి ఏ రోగాలూ రావు కదే" అంది.

సత్యవేణి మొహం తిప్పేసుకుంది. మంగతాయారే మళ్ళీ తేరుకుని, చీరల కొట్లోకి దారి తీసింది. వంకాయ రంగు పట్టుచీర, చిలకాకుపచ్చ అంచు. భుజాన వేసుకుని చూసుకుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. కొట్టువాడి కబుర్లకి నవ్వింది కూడా. నా మీద ఒట్టేసి చెబుతున్నాను, ఆ గంటసేపూ ఆవిడకి జబ్బు గుర్తులేదు. నాకూ గుర్తులేదు.

ఆ చీర కొనుక్కుని బయటికొచ్చాక అంది: "నేను ఆసుపత్రిలో ఉండగా నువ్వు దీని మీదికి జాకెట్టు కుట్టెయ్యి. ఆ ఆకు మెడే పెట్టు. తుని స్టేషన్లో ఇదే కట్టుకుని దిగుతాను. ఎవ్వరికీ అనుమానం రాకూడదు."

ఆపరేషన్ రోజుకి వీర్రాజు వచ్చాడు, వరండాలో నిలబడ్డాడు, మర్నాడు కొట్టు తెరవాలంటూ వెళ్ళిపోయాడు. వదినని ఉంచిన గదిలోకి ఎవర్నీ రానివ్వడంలేదు. ఊరికే కూర్చోలేక సత్యవేణి ఆసుపత్రి వెనక సందులో ఖాజామియా అనే ముసలి దర్జీని బతిమాలి ఒక మిషను అడిగింది.

"ఆది ఎందుకమ్మా? మనిషి ఊళ్ళోనే ఉందంటున్నావు. టేపు పెట్టి కొలిస్తే సరిపోతుంది కదా" అన్నాడాయన.

"మా వదిన ఒళ్ళు నాకు కంఠతా వచ్చు భాయ్" అంది సత్యవేణి.

నన్ను బల్లమీద పరిచింది. సుద్దముక్కతో నా చుట్టూ గీసింది. పిచ్చిదానా, ఆగవే అని అరుద్దామనిపించింది. ఏం చేస్తాను, గుడ్డకి నోరేదీ? లోపల ఏం కోసేశారో ఆవిడకి తెలుసు. తెలిసీ ఆ చెయ్యి ఆది చెప్పినట్టే కోసింది. కుడి ఎంతో ఎడమా అంతే. రొమ్ముల దగ్గర మడిచి కుట్టే టక్కులు రెండు వైపులా తూచినట్టు వేసింది. వీపు మీద ఆకు ముచ్చటగా వచ్చింది. అంత మంచి జాకెట్టు సత్యవేణి ముందెప్పుడూ కుట్టలేదు, తర్వాతా కుట్టలేదు.

ఆసుపత్రిలో కుట్లు విప్పిన మర్నాడు లాడ్జిలో తొడిగి చూశారు. ఎడమ చెయ్యి వాచిపోయి జాకెట్టు చేతిలోకి దూరలేదు. ఎలాగో దూర్చి హుక్కులు పెడితే, ఎడమవైపు గుడ్డ ఖాళీ సంచిలా వేళ్ళాడింది. మంగతాయారు అద్దంలో అది చూసుకుంది. ఏడవలేదు. మంచం మీద కూర్చుండిపోయి, "రైలు టిక్కెట్టు మార్చెయ్యి సత్యా. నేను తుని రాను" అంది.

సత్యవేణి నెత్తి బాదుకుంది. "నా చేతులు విరిగిపోనూ! కళ్ళు నెత్తికెక్కాయే నాకు!" అని భోరున ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి లేచింది. జాకెట్టు చేతి కుట్లు విప్పితే, ఒళ్ళు చేస్తే పనికొస్తుందని అలవాటుగా వదిలిన ఆ వేలెడు గుడ్డ, వాచిన చెయ్యికి సరిపోయింది. ఇక ఎడమవైపు. ఆసుపత్రిలో దూది సంచులేవో అమ్ముతారట, మంగతాయారు ససేమిరా వద్దంది. సత్యవేణి చుట్టూ చూసింది. ఆవిడ కళ్ళు నా మీద పడ్డాయి.

కత్తెర నాకు కొత్త కాదు, పుట్టింది దాంతోనే. కానీ ఈసారి కోసింది కుట్టడానికి కాదు, కూరడానికి. ముక్కలు చేసి, గుండ్రంగా మడిచి, ఆ కొత్త జాకెట్టు ఎడమవైపు లైనింగు లోపల పెట్టి కుట్టేసింది. పదేళ్ళు మేకుకి వేళ్ళాడిన నేను మళ్ళీ ఆవిడ ఒంటి మీదికి చేరాను. నా కింద గుండె కొట్టుకోవడం వినబడింది.

తుని స్టేషన్లో ఎదురింటి అమ్మాజీ రానే వచ్చింది. "అబ్బో, షాపింగు గట్టిగానే చేశారే! ఏదీ, వెనక్కి తిరుగు, మెడ చూస్తాను" అంది. మంగతాయారు నవ్వుతూ తిరిగింది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఆ తర్వాత ఏ శుభకార్యానికైనా అదే చీర, అదే జాకెట్టు. వేరేది కుట్టాలంటే టేపు పెట్టాలి. ఆవిడ టేపు పెట్టనివ్వలేదు.

పద్నాలుగు నెలలు గడిచాయి. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఊరంతా ఆయాసం అనుకుంది.

ఇవాళ పొద్దున్న మంగతాయారు పోయింది.

స్నానం చేయించడానికి ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. సత్యవేణి వాళ్ళని తోసేసి లోపల గడియ పెట్టేసుకుంది. "ఇదేం చోద్యమే, ఒక్కదానివీ ఎలా చేస్తావు? తలుపు తియ్యవే!" అని బయట బాదుతున్నారు. ఆవిడ తియ్యలేదు. ఒక్కతే నీళ్ళు పోసింది, ఒక్కతే తుడిచింది. వంకాయ రంగు చీర కట్టి ఈ జాకెట్టు తొడిగింది. ఒళ్ళంతా వదులు. ఎముకలు తప్ప ఇంకేం మిగల్లేదు మరి.

సూదీ దారం తీసుకుంది. పక్కలు లోపలికి మడిచి, చేత్తో తడిమి చూసుకుంటూ, ఒంటి మీదే కుడుతోంది. నేను పుట్టాక, ఆది లేకుండా వదినకి కొలత చూడ్డం ఇదే మొదటిసారి.

"సరిపోయిందా వదినా?" అని అడుగుతోంది. మళ్ళీ అడుగుతోంది.

బయట డప్పు మొదలైంది. నేనూ ఆవిడతోనే వెళ్తాను. గుమ్మంలో అమ్మాజీ ఎవరితోనో ముక్కు చీదుతూ అంటోంది, "ఆ హైదరాబాద్ చీర ఏ కొట్లో కొన్నారో అడుగుదామని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నానమ్మా. అడగనేలేదు."