దిష్టిబొమ్మ పక్కన పంగకర్ర

నేను ఒక తుమ్మకొమ్మను. వంకరపోయి, పైన పంగ చీలినదాన్ని. మంచంకోడుకు పనికిరాను, నాగలి మేడికి పనికిరాను. అలాంటి నన్ను మంజుల నరికి తెచ్చి, కంది చేను నడుమ పాతి, నీమీద పిట్టలు వాలాలె, పురుగుల్ని తినాలె అని పని అప్పజెప్పింది. పొంగిపోయాననుకోండి!

ఆ చేనుకు ఈ ఏడు మందు బంద్. పోయినేడు ఇదే కందికి పురుగుమందు కొడుతూ మంజుల మామ బుగ్గయ్య కళ్లు తిరిగి పడిపోయాడు, మళ్లీ లేవలేదు. ఇక మందు డబ్బా నా చేలో అడుగుపెట్టదని ఆయన భార్య ఆశమ్మ తెగేసి చెప్పింది. వేపగింజలు దంచి కషాయం కొట్టారు. అయినా కాయల్లో పచ్చపురుగు మిగిలింది. దాని సంగతి పిట్టలే చూసుకోవాలి.

ఒక్క పిట్టా రాలేదు. ఎందుకొస్తుంది? మనుషుల తెలివి చూడండి, నన్ను పాతింది దిష్టిబొమ్మ పక్కనే! నేను రమ్మంటాను, వాడు పొమ్మంటాడు. నల్లటి చీలతోక పిట్ట, పశువుల వెంట తిరుగుతూ పురుగులేరుకునే పసుల పోలిగాడు, చేను మీద ఓ చుట్టు తిరిగి, గాలికి చేతులూపే ఆ బొమ్మను చూసి పక్క చేలోకి పోయేవాడు. మంజుల నన్ను పీకి గట్టు దగ్గర పాతి చూసింది. అంత చిన్న చేలో ఎక్కడ నిలబడితే మాత్రం ఏం లాభం?

ఆ బొమ్మంటే నాకు ఒళ్లు మండేది. కానీ దాని ఒంటి మీదున్నది బుగ్గయ్య చొక్కా. విత్తనాలు నెమళ్లు ఏరుకు తినకుండా ఆశమ్మే తొడిగి నిలబెట్టింది. పొద్దున రాగానే ముందు దాని దగ్గరికే పోయి, బర్రె ఈనిందనీ, మనవరాలికి పన్ను ఊడిందనీ చెప్పుకునేది. అది విన్నాక నా కోపం ఎక్కడ నిలుస్తుంది? పిట్టలు రానిది ఆ బొమ్మవల్లేనని మంజులకు అర్థమైంది. కానీ దాన్ని తీసేయమని ఏ నోటితో అడుగుతుంది?

ఒకనాడు ఆశమ్మ కొడుకు, మంజుల పెనిమిటి అంజిలయ్య వీపున పంపు, చేతిలో మందు డబ్బాతో గట్టెక్కాడు. పంటంతా పురుగు పాలవుతుంటే చూస్తూ ఊరుకోలేనన్నాడు. వద్దని ఆశమ్మ కాళ్లావేళ్లా పడింది. మంజుల ఇక ఆగలేకపోయింది.

"అత్తమ్మా, పిట్టలకు మామంటే బుగులైతుంది, బెదిరి వస్తలేవు" అంది మెల్లగా.

ఆశమ్మ బొమ్మను చూసింది. కొడుకు వీపున ఉన్న పంపును చూసింది. పోయి ఒక్కొక్క గుండీ విప్పింది, నిద్రపోయే మనిషికి విప్పినంత మెత్తగా. నాకే దుఃఖం ఆగలేదు. ఆ చొక్కా దులిపి, కూలికి పోయే ఆడవాళ్లలాగే చీర మీద తానే తొడుక్కుంది. సాలులోకి దిగి కంది మొక్కల్ని పట్టి ఊపితే పురుగులు జలజలా రాలాయి.

"పంపు దించు కొడకా. మీ నాయినా నేనూ దులుపుతం" అంది.

అంజిలయ్య పంపు దించాడు. తల్లి వెనకే సాలులోకి దిగాడు.

రాలిన పురుగు కోసం పసుల పోలిగాడు వచ్చి నా మీద వాలాడు. గుప్పెడు బరువు లేడు, అయినా నా ఒళ్లంతా జల్లుమంది. ఎదురుగానే ఆశమ్మ చేతులూపుతూ నడుస్తోంది, అదే చొక్కాలో. వాడు బెదరలేదు.