నాలుగు కొత్త తీగలు

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, ఒక గ్లాసు బియ్యం కడిగి పొయ్యి మీద పెడుతుంది హన్నా టీచర్. కిందటేడు దాకా రెండు గ్లాసులు పెట్టేది. అన్నం తిని, సంచిలో పలక వేసుకుని బడికి పోతుంది. ఆ పలక పిల్లల కోసం కాదు. ఆమె ఏం చెప్పాలన్నా దాని మీద రాయాల్సిందే. అక్క కరుణమ్మను సమాధి చేసి ఇంటికొచ్చిన సాయంత్రం, హన్నా గొంతు ఆమెను వదిలి గడప దాటి పోయింది.

వాళ్ళ ఊరు కొనకనమిట్ల చుట్టుపక్కల ఎవరికి ఎక్కడ వినపడినా వచ్చి ఆమెకు చెప్పిపోయేవాళ్ళు.

"టీచరమ్మా, నీ గొంతు మా కందిచేలో ఉంది. పొద్దుటినుంచి ఒకటే పాట. గొర్రెలు మేత మాని వింటా నిలబడినాయి," అన్నాడు గొర్రెలు కాసే కాటమరాజు ఒకరోజు. హన్నా చెప్పులు లేకుండా పరుగెత్తింది. ఆమె పోయేసరికి అది గట్టు దాటి ఇంకో చేలోకి వెళ్ళిపోయింది. పిలుద్దామంటే, పిలిచేది కూడా అదేనాయె.

బడి కరస్పాండెంట్ కొన్నాళ్ళు ఓపిక పట్టినాడు. "చిన్నపిల్లల క్లాసు, పాటలు లేకపోతే ఎట్ల మేడం? ఈ నెలాఖరు దాకా చూద్దాం," అన్నాడు చివరికి, ఆమె మొహం చూడకుండా.

ఆ శనివారం హన్నా బీరువా మీద నుంచి అక్క యుకులేలే దించింది. గిటార్‌కు చిన్నపిల్లలా ఉండే నాలుగు తీగల వాయిద్యం. ఒంగోలులో నర్సుగా చేసేటప్పుడు కరుణమ్మ కొనుక్కుంది. అక్క వాయిస్తే చెల్లెలు పాడేది. ఇప్పుడు ఒక తీగ తెగి వేలాడుతోంది. నోటితో పిలవలేనిది దీనితో పిలవచ్చేమో అనుకుని, గుడ్డలో చుట్టుకుని మార్కాపురం బస్సెక్కింది.

హార్మోనియాలు, గిటార్లు బాగుచేసే జీవానందం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"ఒక్కటి మారిస్తే కుదరదమ్మా. కొత్తది పాతవాటితో కలవదు. నాలుగూ మార్చాల."

ఇది మా అక్కది, ఇనప తీగలైతే గట్టిగా మోగుతాయి కదా, అని పలక మీద రాసింది హన్నా.

"వద్దు. ఆ లాగుడు దీని ఒళ్ళు తట్టుకోదు. తీగలు కట్టే చెక్కే ఊడొస్తది." ఆయన రెండు పొట్లాలు తీసినాడు. "ఇవి నైలాన్. మీ అక్కవి ఇట్లాంటివే. మెత్తగా పలుకుతాయి. ఇవి కార్బన్. సన్నగా ఉన్నా సద్దు దూరం పోతది, ఎండకి శ్రుతి తొందరగా దిగదు. విని చూసుకో."

ముందు నైలాన్ తీగలు కట్టి మీటినాడు. అచ్చం అక్క సాయంత్రాలే. మంచం పట్టె మీద కూర్చుని, తల పక్కకు వాల్చి అక్క వాయించే తీరే. కళ్ళు తుడుచుకుని, ఇవే, అని రాయబోయింది.

"ఎవరికి వినపడాలమ్మా?" అన్నాడు జీవానందం. "నీ ఒక్కదానికే అయితే ఇవి చాలు. తలుపేసుకుని వాయించుకోవచ్చు."

బలపం ఆగిపోయింది. తలుపేసిన ఆ గది, అందులో రోజూ సాయంత్రం అక్క, బయట చేల వెంట ఒంటరిగా తిరుగుతున్న గొంతు. హన్నా బలపం పక్కన పెట్టింది. తర్వాత కార్బన్ పొట్లం ఆయన ముందుకు జరిపింది.

"అక్క సద్దు ఇంక ఉండదే మరి," అన్నాడాయన మెల్లగా.

హన్నా తల ఊపింది.

ఆయన కట్టిచ్చిన కొత్త తీగల మీద, అక్కను చూసి నేర్చినంతలో వాయించబోతే ఆమె వేళ్ళు తడబడ్డాయి. సద్దు తేటగా, కొంచెం కరుకుగా, ఎవరిదో పరాయి వాళ్ళదిలా ఉంది. ఆటోల హారన్ల మీదుగా బజారులోకి పోయింది. అక్కతో పాడే పాట మూడోసారి మొదలుపెట్టేసరికి, పలకల ఫ్యాక్టరీల వైపు నుంచి ఆమె గొంతు వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయి, బొంగురుపోయి, గడప దగ్గరే ఆగి ఒక్క చరణం పాడింది.

"రా తల్లీ, కూర్చో," అని జీవానందం ఇంకో స్టూలు జరిపినాడు.

బస్సులో గొంతు హన్నా పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. ఆమె దాన్ని లోపలికి రమ్మనలేదు. అది వస్తానని అనలేదు. ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడ తిరిగిందో, ఏ చెట్టు కింద పడుకుందో తలుచుకుంది హన్నా. ఒడిలో వాయిద్యం పెట్టుకుని వేళ్ళతో మెల్లగా మీటుతూ ఉంది. కొత్త తీగలు సాగి శ్రుతి దిగినప్పుడల్లా పక్క నుంచి అది సరైన స్వరం అందిస్తే, హన్నా మర తిప్పి సరిచేసుకుంది.

బస్సు నెమ్మదించింది.

"కొనకనమిట్ల! కొనకనమిట్ల ఎవరన్నా ఉన్నారా?" అని కండక్టర్ కేకేసినాడు.

హన్నా పక్కకు చూసింది. కిటికీ దగ్గర ఎవరూ లేరు.

"ఉన్నా," అంది హన్నా, లేచి నిలబడి. "నేనున్నా."