సదరం క్యాంపులో శ్యామల

"రొట్టెలు చేసిపెట్టి పోవే. మీరు మల్ల ఎప్పుడొస్తరో ఏమో," అన్నది అత్త కిష్టవ్వ.

శ్యామల రొట్టెలు చేసింది, నీళ్లు పట్టింది, బట్టలు ఉతికి ఆరేసింది. అప్పటికే ఎడమ కాలు మోకాలి కింద మొద్దుబారింది. గడప దాటుతుంటే అత్త మళ్లీ పిలిచింది. "వాడకట్టుల సక్కగ నడువు. వికలాంగుల క్యాంపుకు పోతున్నమని ఊరంత డప్పు కొట్టకు."

చిన్నప్పుడు వచ్చిన పోలియో అది. పెళ్లిచూపులకు ముందు తల్లి ఆమెను ఇంటి వెనుక నడిపించి, కుంటు కనబడకుండా నడవడం నేర్పింది. కుచ్చిళ్ల చాటున చెయ్యి తొడకు ఆనించాలి, మోకాలిని వెనక్కి నొక్కాలి, ఊపిరి బిగబట్టాలి. కొత్తవాళ్ల ముందు ఇప్పటికీ ఆమె అట్లాగే నడుస్తుంది. పెళ్లయ్యాక అసలు సంగతి తెలిసి భర్త రాజేశం చాలా రోజులు ముఖం చూడలేదు. తర్వాత ఒకనాడు, "పని మంచిగ చేస్తది, గది సాలు తియ్," అన్నాడు. ఆ మాటనే ఆమె ఏళ్లపాటు ప్రేమ అనుకుంది. బొగ్గుబావిలో అతని కాంట్రాక్టు పని పోయాక ఇల్లంతా ఆమె కుట్టుమిషన్ మీదే బతికింది. ఈ ఏడు ఆ కాలు మిషన్ తొక్కడం మానేసింది. వైకల్యం నలభై శాతమని డాక్టర్లు రాస్తేనే పింఛను. రాయకపోతే రేషన్ బియ్యంలోకి ఉప్పు కూడా దొరకదు.

నస్పూర్ నుంచి రాజేశంతో బస్సెక్కి పోతే, ఆస్పత్రి వరండా నిండా మనుషులే. పేరు పిలిచేసరికి మధ్యాహ్నమైంది.

"ఆ గోడ దాకా నడువమ్మా," అన్నాడు డాక్టరు.

కొత్త మనిషి. చెయ్యి తనంతట తానే కుచ్చిళ్ల చాటుకు పోయింది. గోడ దగ్గరికి చేరాక గాని, తాను ఏం చేసిందో శ్యామలకు తెలియలేదు.

"ఇంట్లో పనులెవరు చేస్తారు?"

"అన్ని గామెనే సార్," అన్నాడు రాజేశం, ఛాతీ విరిచి. "బిందెలు మోస్తది, బట్టలు పిండుతది, మా అవ్వ కాళ్లు పిసుకుతది. ఏ పనికీ ఎనుకకు పోదు."

డాక్టరు తల ఊపాడు. "నలభై రాదమ్మా. ముప్పై రాస్తాను." పెన్ను అందుకున్నాడు.

"నీ నసీబ్ గంతే," రాజేశం ఆమె రెక్క పట్టుకున్నాడు. "పా, బస్సు పోతది. పొద్దుమీకి బువ్వ వండాలె గద."

రాజేశం అబద్ధమాడలేదు. ఆమె చేసే పనులన్నీ అతనికి నోటికి వచ్చు. అవన్నీ చేశాక ఆమె ఆ కాలును రెండు చేతులతో ఎత్తి మంచం మీద పెట్టుకుంటుందని మాత్రం తెలియదు. పక్కనే పడుకుంటాడు, అయినా తెలియదు.

శ్యామల అతని చెయ్యి విడిపించుకుంది. తొడ మీది చెయ్యి కూడా తీసేసింది. మోకాలు మడతపడి ఒరిగిపోతుంటే బల్ల అంచు పట్టుకుంది.

"జర ఆగుండ్రి సార్, రాయకుండ్రి. గిందాక నేను నడిచింది నా నడక కాదు. మా ఆయనను బయటికి పంపుండ్రి, మల్ల నడుస్త."