చేపలకు వేసిన టిక్కులు

ఆ ప్రయోగశాలలో అందరికీ ఆవిడ తొట్ల అక్క. పదేళ్లుగా చేపల తొట్లు కడగడం, మేత వెయ్యడం ఆవిడ పని. ఈసారి అక్కడ పరిశోధన చేసే మేడమ్ ఇంకో పని కూడా అప్పజెప్పింది. రెండు తొట్లు పెట్టారు. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో బ్యాటరీల ఫ్యాక్టరీ పక్క కాలువ నీళ్లు. ఎర్ర దీపం వెలిగినప్పుడు చేప ఆ వైపు వెళితే మేత పడుతుంది. వెళ్లినదానికి రిజిస్టర్లో టిక్కు, వెళ్లనిదానికి సున్నా.

మంచినీళ్ల చేపలు వారం తిరక్కుండానే ఆరితేరాయి. దీపం వెలగడమే ఆలస్యం, దూసుకొచ్చేవి. కాలువ నీళ్లవి మాత్రం నెల గడిచినా దిక్కులు చూస్తూ ఉండిపోయేవి. ఒకటైతే రోజంతా గాజుకేసి మూతి కొట్టుకునేది.

వాటిని చూస్తే అక్కకి జాలేసేది. ఆవిడ ఎనిమిదేళ్ల కూతురూ అంతే. పొద్దున వచ్చిన ఎక్కం మధ్యాహ్నానికి ఎగిరిపోతుంది. బడిలో టీచరు ‘మొద్దు’ అని పేరు పెట్టేసింది. సున్నాలతో ఇంటికొచ్చే పిల్ల మొహం ఎలా ఉంటుందో ఈ తల్లికి తెలుసు. ఒక్క టిక్కు పెడితే ఆ మహాతల్లి సొమ్మేం పోయిందని ఎన్నిసార్లు తిట్టుకుందో.

అందుకని, మేడమ్ టీకి వెళ్లినప్పుడల్లా వల కాడతో కాలువ నీళ్ల చేపల్ని మెల్లగా దీపం వైపు తోసేది. “పదవే తల్లీ, నీకూ ఆకలేస్తుందిగా” అని మేత వేసి టిక్కు పెట్టేది. తోసినా కదలనివాటికీ పెట్టేది. ఆవిడ చేతికి ఎముక లేదు మరి.

ఒకరోజు మేడమ్ లెక్కలు ముగించి నీరసంగా కుర్చీలో వాలింది.

“తేడా ఏం లేదక్కా. అన్నీ సమానంగానే నేర్చుకున్నాయి. ఆ నీళ్లతో ఏ ఇబ్బందీ లేదని ఇందాకే అధికారులకి రాసి పంపించేశా.”

“ఇబ్బంది ఉందని తేలితే ఏం చేసేవాళ్లు మేడమ్?”

“అందులో సీసం ఉంది. కాస్తేగా, ఏం కాదంటున్నారు ఫ్యాక్టరీవాళ్లు. ఆ కాస్తే బుర్రని తినేస్తుందని చూపిద్దామనుకున్నా, చేపలకైనా, పిల్లలకైనా. తేలి ఉంటే, ఆ నీళ్లు ఇంకే కాలువ పక్క బోర్లు మూయించి, ఆ వీధులకి వేరే నీళ్లు ఇప్పించేదాన్ని.”

అక్క ఇల్లు ఆ కాలువ గట్టునే, తాగేది అక్కడి బోరు నీళ్లే. తడబడుతూ జరిగినదంతా చెప్పేసింది.

మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రిజిస్టర్ ముందుకు జరిపి, “దొంగ టిక్కులేవో చూపించు” అంది. అక్క పేజీలు తిప్పింది. అన్నీ ఒకేలా ఉన్నాయి.

“రాసింది వెనక్కి తీసుకుంటా. కానీ కొత్త చేపలతో మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి. ఏడాది పడుతుంది.”

“అప్పటికి మా పాపకి తొమ్మిదొస్తాయి మేడమ్.”

ఇంటికొచ్చేసరికి పిల్ల గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“అమ్మా! నువ్వు చెప్పింది ఇవాళ మర్చిపోలేదు! బోరు దగ్గరికెళ్లి రెండు బిందెలూ నింపేశా!”

తల్లి రెండూ తీసుకెళ్లి వీధిలో ఒంపేసింది. పిల్ల మొహం చిన్నబోయింది.

“మళ్లీ తప్పు చేశానా అమ్మా?”

“నువ్వు కాదే, నేను” అంటూ పిల్లని పొదువుకుని ఏడ్చింది. కానీ వంటకి నీళ్లు కావాలి. ఆ వీధికున్నది ఆ ఒక్క బోరే. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఖాళీ బిందె చంకనపెట్టుకుని అక్కడికే నడిచింది.