మూడు మెలికల ముడి

ఆవు నెమరు వేయడం మానేసి రెండు రోజులైంది. దూడప్పుడు తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచిన ఆవు అది. ఆ దవడ ఆగిపోవడం చూడగానే పెద్దకోడలికి గుండె జారిపోయింది. ఆ వెంటనే దీనికి ఎవరు కారణమో కూడా తట్టేసింది. ఇంకెవరు, పక్క వాటాలో ఉండే తోడికోడలే.

వాళ్లిద్దరి మధ్య పచ్చగడ్డి వేసినా భగ్గుమనేది. చెప్పాలంటే గొడవ నిజంగా గడ్డి దగ్గరే మొదలైంది. చిన్నకోడలు రెండు మేకల్ని తెచ్చి పెరట్లో కట్టేసిన వారానికే, గడ్డి గదిలో మోపులు తొందరగా తరిగిపోతున్నట్టు పెద్దకోడలికి అనిపించింది. రుజువు దొరికాకే నిలదీద్దామనుకుంది. రోజూ సాయంత్రం ఆ గది గొళ్లేనికి సన్నటి బైండింగ్ వైరు కట్టి, మెలి తిప్పి, కొసను చిన్న సున్నాలా చుట్టేది. పొద్దున్నే ఆ ముడి అలాగే ఉందో లేదో చూసుకుని, ప్లయరుతో తుంచి తలుపు తీసేది.

ఇరవై రోజులు ముడి చెక్కుచెదరలేదు. ఇంకొకరైతే అనుమానం తీరి హాయిగా ఉండేవాళ్లు. ఈవిడకు మాత్రం, ఆ మనిషి ముడి విప్పి మళ్లీ అచ్చం అలాగే వేస్తోందన్న కొత్త అనుమానం పట్టుకుంది. ఒక మెలిక రెండైంది, రెండు మూడయ్యాయి.

ఇప్పుడు ఆవు వీపు వంచి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. పడుకోబోతే మూలుగుతోంది. ఎడమ డొక్కకు చెవి ఆనిస్తే రోజూ వినిపించే గుడగుడ లేదు.

"నువ్వేం పెట్టావ్ దానికి?" అని పెరటి గోడ మీదుగా అడిగేసింది.

"నేనేం పెడతానక్కా. దాని దగ్గరికే రానివ్వవుగా," అంది చిన్నకోడలు.

"నీ మేకలకి ఏమీ కాలేదు. నా ఆవుకే ఎందుకైంది మరి?"

ఆ మాటకు చిన్నకోడలు ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. పెద్దకోడలి భర్త పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు.

డాక్టరు వచ్చి ఆవు వీపు మీద గట్టిగా నొక్కాడు. అది మూలిగింది. "లోపల ఏదో గుచ్చుకుంటోంది. ఇనుప ముక్క మింగినట్టుంది," అన్నాడు.

"మింగలేదండీ. తినిపించారు," అంది పెద్దకోడలు, గోడ వైపు చూస్తూ.

"ఆవుకు ఒకళ్లు తినిపించక్కర్లేదమ్మా. పైన ముందుపళ్లుండవు. నాలుకతో చుట్టి లాగి, సరిగ్గా నమలకుండానే మింగేస్తుంది. తీరిగ్గా నమిలేది తర్వాత, పైకి తెచ్చుకుని. మేకైతే పెదాలతో ఏరుకుని తింటుంది, అందుకే వాటికి ఈ బాధ తక్కువ. బరువైన ముక్క రెండో పొట్టలో దిగబడుతుంది. దాని పక్కనే గుండె. ఇవాళే తీసేయాలి."

ఈ సంగతి మేకల్ని మేపే మనిషికి ముందే తెలిసుంటుందని పెద్దకోడలు లోలోపల లెక్క కట్టుకుంది.

ఆవును నిలబెట్టే ఉంచి, డొక్కకు మత్తు సూది వేసి, ఎడమవైపు కోశారు. ఎవరూ పిలవకుండానే చిన్నకోడలు వచ్చి ఆవు తలను గుండెకు హత్తుకుని పట్టుకుంది. పెద్దకోడలి కళ్లు మాత్రం ఆ చేతుల మీదే ఉన్నాయి. డాక్టరు భుజం దాకా చెయ్యి పెట్టి చాలాసేపు వెతికి, మూడు తీగముక్కలు తీసి స్టీలు పళ్లెంలో వేశాడు. రెండు తిన్నగా ఉన్నాయి. మూడోదానికి మూడు మెలికలు, కొసన చిన్న సున్నా.

"ఇది ఎక్కడిదమ్మా?"

చిన్నకోడలు పళ్లెం వంక చూసింది, తర్వాత గడ్డి గది గొళ్లెం వంక చూసింది.

పెద్దకోడలు ఆ సున్నాను గుర్తుపట్టింది. రోజూ పొద్దున తుంచిన ముక్కలు ఆ గుమ్మంలోనే రాలేవి. గుమ్మంలో రాలిన గడ్డి కూడా పాడుచేయడమెందుకని తనే ఊడ్చి ఎత్తి తొట్టిలో పోసేది. తన చేత్తోనే.

"నాదేనండీ," అంది చివరికి. "ఈ పిల్ల మీద అనుమానంతో నేనే కట్టాను."

డాక్టరు తలెత్తకుండా కుట్లు వేసుకుంటున్నాడు. చిన్నకోడలు ఆవు తల వదల్లేదు.

"రోజూ చూసేదాన్నక్కా ఆ వైరు," అంది నెమ్మదిగా. "గాలికి తలుపు కొట్టుకుంటోందని కడుతున్నావనుకున్నా."

సిగ్గుతో పెద్దకోడలు అక్కడ నిలబడలేకపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆవు మూలక్కుండా పడుకుంది. మెడలో ఒక ముద్ద కిందినుంచి పైకి పాకింది. దవడ మెల్లగా పక్కకు కదిలింది. పెద్దకోడలు కళ్లు తుడుచుకుని, పక్క వాటా గుమ్మం ముందుకు వెళ్లి నిలబడింది. తలుపు వేసి ఉంది.

"చెల్లీ, ఒకసారి రా. నములుతోంది."

లోపల అలికిడి లేదు. ఆమె మళ్లీ పిలవలేదు, వెనక్కీ తిరగలేదు. గొళ్లెం తీసిన చప్పుడు వినిపించేదాకా అక్కడే ఉంది.