బాలిలో తెరుచుకున్న పిన్నీసు

నేను ఒక పిన్నీసును. వంచిన ఇనుప తీగ, దానికి ఒక చివర మొన, ఇంకో చివర టోపీ. నా ఆస్తిపాస్తులు అంతే. అయినా ఒక మనిషి రహస్యం చాలాకాలం నా మొన మీదే నిలబడింది. నేను తెరుచుకుంటే అది బయటపడుతుంది. తెరుచుకున్నాను కూడా. సముద్రాలు దాటి వెళ్ళి, బాలి దీవిలో, ఒక గుడి కొలనులో, నలుగురూ చూస్తుండగా.

ఏ ఊళ్ళో పుట్టానో నాకు తెలియదు. యంత్రం నన్ను కోసింది, వంచింది, మొన తేల్చి బయటికి విసిరింది. అక్కడినుంచి కాకినాడలో ఒక ఫ్యాన్సీ షాపుకి చేరి, తోబుట్టువులతో కలిసి గుత్తిగా వేలాడాను. తాయారు కొన్నది. అప్పట్లో ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. కొన్నరోజే నన్ను తన పుస్తెల గొలుసుకి తగిలించుకుంది.

మన ఆడవాళ్ళ పద్ధతి మీకు తెలిసిందే. మెడలో బంగారం, బంగారానికి పుస్తెలు, పుస్తెల పక్కన ఇనుప పిన్నీసు. పేరంటంలో అందరి కళ్ళూ గొలుసు మీద. చెప్పు తెగినా, కాల్లో ముల్లు దిగినా, హుక్కు ఊడినా వేళ్ళు మాత్రం నాకోసమే వెతుకుతాయి.

ఎక్స్ఛేంజిలో తాయారుకి ఇద్దరు స్నేహితురాళ్ళు. వరహాలు గొంతుకి అసలు ఫోనే అక్కర్లేదు, కిటికీ తీసి పిలిస్తే సామర్లకోటలో పలుకుతారు. గ్రేసమ్మ తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే మాత్రం ఎవరో ఒకరికి పొలమారాల్సిందే. ముగ్గురూ రిటైరయ్యాక మొదటిసారి బాలి వెళ్ళారు. భర్తలు కూడా వచ్చారు. అదే పొరపాటు. గుళ్ళు బస్సు కిటికీలోంచి చూశారు, ఎందుకంటే భోజనానికి ఆలస్యమవుతుంది. స్పా బోర్డు కనపడితే వరహాలు భర్త, "డబ్బులిచ్చి ఒంటికి నూనె రాయించుకుంటారా? మనింట్లో నువ్వులనూనె లేదేంటి?" అన్నాడు. ఆ మగాళ్ళు దీవంతా తిరిగి వెతికింది ఒక్కటే, గడ్డపెరుగు.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో ముగ్గురు ఆడవాళ్ళూ ఒట్టు పెట్టుకున్నారు. మళ్ళీ వస్తారు. మగాళ్ళు లేకుండా. గుడి చూస్తారు, నూనె రాయించుకుంటారు, తొందరపడరు.

ఆ ఒట్టుకీ రెండో ప్రయాణానికీ మధ్యలో తాయారుకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది.

ఆపరేషన్ గది ముందు నర్సు గొలుసు తీయించి, నాతో సహా ఒక కవర్లో వేసి ఆమె భర్త సత్యం చేతికిచ్చింది. తాయారు బయటికొచ్చేసరికి ఎడమవైపు రొమ్ము లేదు. అక్కడ స్పర్శ కూడా లేదు. గొలుసు మళ్ళీ మెడకెక్కింది. నాకు మాత్రం కొత్త ఉద్యోగం పడింది. పాత నేతచీర ముక్కతో తాయారు చిన్న సంచీ కుట్టుకుంది. దూది పెడితే తేలికగా ఉండి పైకి జరుగుతోందని, బరువు కోసం ఆవాలు పోసింది. దాన్ని లోపలి బట్టకి గుచ్చి కదలకుండా పట్టుకోవడమే నా పని.

స్నేహితురాళ్ళకి చెప్పలేదు. వైజాగులో చెల్లెలి దగ్గర ఉన్నానంది. కారణం నాకు తెలుసు, చాలా ఏళ్ళ కిందట ఒకరోజు తాయారు మెడలోంచే విన్నాను. అదే ఎక్స్ఛేంజిలో పనిచేసిన ఒకావిడకి ఇదే జబ్బు వస్తే వరహాలు అంతటిది గొంతు తగ్గించింది. "అయ్యో, పాపం" అంది. తర్వాత ఆవిణ్ణి సినిమాకి పిలవడం మానేసింది. చెడ్డబుద్ధితో కాదు, ఏం మాట్లాడాలో తెలియక. తన విషయంలో వరహాలు గొంతు తగ్గకూడదని తాయారు కోరిక. అందుకే టిక్కెట్లు కొన్నామని ఫోనొస్తే వద్దనలేకపోయింది.

బాలిలో దిగిన దగ్గర్నుంచీ గండం మొదలైంది. పొద్దున లేస్తే స్పా మాట, టిఫిన్ తింటూ స్పా మాట. తాయారు మోకాలు నొప్పంది, కడుపులో బాగాలేదంది. వరహాలు ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చింది.

"నాకు తెల్సిందే నీ సంగతి. పుస్తెలు తియ్యమంటారని కదూ నీ భయం?" అంటూ బ్యాగులోంచి పసుపుతాడు తీసింది. తాడుకి లావుపాటి పసుపుకొమ్ము. "కాకినాడలోనే కట్టించి తెచ్చాను. గొలుసు తీసేసి ఇది కట్టుకో. శాస్త్రానికి లోటు రాదు, మీ ఆయనకి లోటు రాదు. ఇంకేం కావాలే నీకు?"

"మీ ఆయనకి తెలిస్తే అందులోకి కాస్త పెరుగు కూడా తెమ్మంటాడు," అంది గ్రేసమ్మ.

తాయారు నవ్వింది. ఆ నవ్వు లోపల్నుంచి నాకెలా అదిరిందో నాకే తెలుసు. గొలుసు తీయడం ఆమెకి ఆసుపత్రిలోనే అలవాటైపోయింది. కాదనడానికి ఇంకో సాకు దొరకలేదు. "ముందు గుడికి పోదాం. స్పా రేపు," అంది.

అక్కడ ఒక గుడిలో భూమిలోంచి ఊట పైకి తన్నుకొస్తుంది. ఆ నీళ్ళు రాతిగోడకున్న ధారల్లోంచి కొలనులోకి పడతాయి. నడుముకి అక్కడివాళ్ళిచ్చిన ఆకుపచ్చ వస్త్రం చుట్టుకుని, ఒక్కో ధార కిందా తల వంచుతూ ముందుకెళ్ళాలి. గట్టున ఉండిపోదామనుకున్న తాయారుని వరహాలు చెయ్యి పట్టి దించేసింది.

"నేనూ వస్తున్నా. నీళ్ళు అందరివీ. దండం మాత్రం మా ప్రభువుకే," అంటూ గ్రేసమ్మ వెనకే దిగింది.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. మొదటి ధార, రెండో ధార. సంచీ తడిసింది. ఆవాలు నీళ్ళు తాగాయి. బరువు పెరిగి నా మీద వేలాడింది. ఇంకొంచెం దూరంలో రెండు ధారలున్నాయి. అవి చనిపోయినవాళ్ళ కర్మలకోసం, వాటి కింద తల పెట్టకూడదని గైడు ముందే చెప్పాడు. వాటి ముందు తాయారు ఒక్క క్షణం ఆగింది. తర్వాత గబగబా పక్కకి తప్పుకుని, అవతలి ధార కింద తల పెట్టి ఊపిరి వదిలింది.

ఆ ఊపిరికే నా టోపీ జారింది. మొన బయటపడి, సంచీ కుట్టు చీల్చుకుని, ఆమె ఒంట్లోకి దిగింది.

తాయారు కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటూనే ఉంది. ఆమెకి తెలియలేదు. తెలిసే అవకాశమే లేదు.

"ఏంటే ఇది? ఆవాలు రాలుతున్నాయేంటి నీలోంచి?" వరహాలు గొంతు కొలనంతా మోగింది. ఆమె కళ్ళ ముందే తాయారు తెల్ల కుర్తా మీద ఎర్రటి మరక పాకింది. "ఒసేయ్ తాయారూ, రక్తమే! రక్తం!"

గట్టుమీదున్న ఒక బాలి ఆవిడ కంగారుగా చేతులు ఊపింది. అక్కడ రక్తం కారుతున్నవాళ్ళు ఆ నీళ్ళలో ఉండకూడదు. స్నేహితురాళ్ళిద్దరూ తాయారుని చెరోవైపు పట్టుకుని బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్ళారు. తలుపు గడియ పడింది.

కుర్తా పైకి లేచింది. సగం ఖాళీ అయిన సంచీ, దానికి వేలాడుతూ నేను, కింద పొడుగాటి కోత మచ్చ.

ఇప్పుడు వరహాలు గొంతు తగ్గుతుందని తాయారు ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను.

"నీ మొహం మండ!" అని అరిచింది వరహాలు. పక్కగదిలో ఎవరిదో చెంబు కిందపడింది. "వైజాగు చెల్లెలంట, మోకాలంట! నాతో చెప్పవా? నేను చచ్చానా? పసుపుకొమ్ము పట్టుకుని నీ వెనకాల పిచ్చిదాన్లా తిరుగుతున్నానే నేను!" అరుస్తూనే ఏడ్చేసింది.

"నువ్వు పాపం అంటావని," అంది తాయారు.

"అనను. తంతాను."

గ్రేసమ్మ వరహాలు బ్యాగులోంచి ఆ పసుపుకొమ్ము తీసింది. నేల మీద రాయి కడిగి, రెండు చుక్కల నీళ్ళు వేసి అరగదీసింది. ఆ ముద్దని నేను చేసిన గాయం మీద పెట్టింది.

"మంటగా ఉందా?"

"అక్కడ నాకేమీ తెలీదే."

"మరైతే నేనెంత గట్టిగా రాస్తే నీకేంటి!" అంది గ్రేసమ్మ. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఉన్నారు, బయట ఎవరో తలుపు కొట్టేదాకా.

మర్నాడు తాయారు స్పాకి వెళ్ళింది. తనే గొలుసు తీసి, పూలు వేసిన గిన్నెలో పెట్టింది. నన్నూ పెట్టింది. సగం అరిగిన పసుపుకొమ్ముని వరహాలు ఆమె మెడలో కట్టింది. నూనె రాసే అమ్మాయి పేరు కోమాంగ్. మచ్చ చూసి చెయ్యి ఆపింది. నొప్పా అన్నట్టు కళ్ళతోనే అడిగింది. తాయారు తల అడ్డంగా ఊపింది. తర్వాత కోమాంగ్ చెయ్యి అక్కడ ఆగలేదు, పక్కకి తప్పుకోనూ లేదు. మిగతా ఒళ్ళు మీద నడిచినట్టే ఆ మచ్చ మీదా నడిచింది. తాయారు కంటి చివర్నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. పక్క బల్ల మీద వరహాలు అప్పటికే గురక పెడుతోంది.

ముగ్గురూ బయల్దేరేసరికి కోమాంగ్ తన ఊరి గుడి ఉత్సవానికి తయారవుతోంది. లేసు జాకెట్టుకి ముందు హుక్కు ఊడిపోయింది. తాయారు వేళ్ళు అలవాటుగా నాకోసం వెతికాయి. గిన్నెలోంచి తీసి, జాకెట్టు రెండు అంచులూ దగ్గరికి లాగి నన్ను గుచ్చి, టోపీలోకి నొక్కింది. కోమాంగ్ తిరిగి ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపింది.

"పిన్నీసు వదిలేశావేంటే? రేపు చెప్పు తెగితే?" అని అడిగింది వరహాలు.

"నువ్వు నన్ను మోద్దువుగాని."

గుమ్మంలోంచి వాళ్ళు వెళ్ళడం చూశాను. మధ్యలో తాయారు. కుర్తా ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంది. చున్నీ మాత్రం భుజం మీదే ఉండిపోయింది, ముందుకి లాక్కోలేదు. వీధి మలుపు తిరిగాక కూడా వరహాలు గొంతు చాలాసేపు వినపడింది.

ఇప్పుడు ఉత్సవాల రోజుల్లో కోమాంగ్ జాకెట్టుకి ఉంటాను. ఉప్పుగాలికి కొద్దిగా తుప్పు పట్టింది, మొన మొద్దుబారింది. ఇక్కడ నేను దాచాల్సిందేమీ లేదు. కాస్త లేసు పట్టుకుని ఉంటే చాలు.