రెండు పక్షాలకూ ఒకటే దస్తూరి

మునిలక్ష్మికి బిడ్డ పుట్టిన మూడో నాడు బావి గిలక బావిలో పడింది.

గిలక ఒక్కటే పడి ఉంటే పోనీలే అనుకోవచ్చు. అది వేలాడే అడ్డదూలం కూడా పడింది. ఆ దూలాన్ని చెదలు ఎప్పటినుంచో లోపల్లోపల తింటూ, పైన పెచ్చు మాత్రం మర్యాదకు మిగిల్చి ఉన్నాయి. ధనంజయ తల్లి తాయమ్మ తెల్లవారి మొదటి చేద సగం దాకా లాగిందో లేదో, దూలం రెండుగా విరిగి, గిలకా చేంతాడూ చేదా అన్నీ కలిసికట్టుగా లోపలికి దిగిపోయాయి. తాయమ్మ కాసేపు బావిలోకి చూసి, ఇంట్లోకి వచ్చి, "నన్ను గూడా రమ్మని పిలవలేదు, అదే పదివేలు" అన్నది.

ధనంజయ తిరుపతిలో హైస్కూలు అయివారు. పూతలపట్టు దగ్గర పల్లెలో సేద్యగాళ్ల ఇంట పుట్టి, వాళ్ల వంశంలో మొట్టమొదట బి.ఏ. ప్యాసైనవాడు. భార్య మునిలక్ష్మికి తల్లి లేదు గనక కాన్పు ఇక్కడే పెట్టుకున్నారు. సాయానికి తాయమ్మ వచ్చింది. బడికి వేసవి సెలవులు. అందుచేత నీళ్లు తోడే ఉద్యోగం పూర్తిగా ధనంజయ మీద పడింది. కొత్త చేదా కొత్త తాడూ తెచ్చి, బావి గట్టుకు మోకాళ్లు ఆనించి, ఏడు మట్ల, అంటే ఏడు నిలువుల, లోతునుంచి రోజుకు నలభై చేదలు చేతులతో లాగినాడు. మూడు రోజులకు అరచేతులు బొబ్బలెక్కి, అన్నం కలుపుకోవడానికి కూడా ఆలోచించాల్సి వచ్చింది.

అదైనా ఓర్చుకునేవాడే. అసలు చిక్కు ఇరవై ఒకటో రోజుది. ఆ రోజు బాలింత తలకు పోసుకుని, బావికి పసుపూ కుంకుమా పెట్టి, తన చేత్తో చేద వేసి మూడుసార్లు నీళ్లు తోడాలి. ఆ తర్వాతే ఆమె పొయ్యి ముట్టేది, ఇల్లు దిద్దుకునేది. ఇరవై రోజుల బాలింత గట్టు మీదికి వంగి, ఏడు మట్ల లోతునుంచి ఒంటి చేతుల మీద నీళ్లు లాగితే ఏమవుతుందో తాయమ్మ చెప్పలేదు. చెప్పకుండా కొడుకు వైపు చూసింది. పక్కవీధి బావిలో ఆ కార్యం కానిద్దామా అని ధనంజయ అడిగితే లోపలినుంచి మునిలక్ష్మి, పరాయి బావికి పసుపు పెట్టి వచ్చి ఈ బావి నీళ్లు తాగేది ఎట్లా అన్నది. అంతటితో ఆ దారి మూసుకుపోయింది.

ఇంటాయన ఆదిమూలానికి అంగడి వీధిలో చింతపండు మండీ ఉంది. కాపురం పక్కింట్లోనే. మాట మహా మెత్తన. తనను మామా అని పిలిస్తేనే పలుకుతాడు. ఇంట్లో ఏది చెడిపోయిందని చెప్పినా శ్రద్ధగా విని, తల ఊపి, చెయ్యి ఎత్తి కొండ వైపు చూపిస్తాడు. "ఆయన ఉండాడు గదప్పా. ఆయన సూసుకుంటాడు" అంటాడు. పోయిన ఏడు వానకు వంటింటి పెంకులు కారినప్పుడూ ఇదే మాట. తలుపు గడియ ఊడినప్పుడూ ఇదే. తాయమ్మ ఒకసారి ముఖానే అడిగేసింది: "మేము ఇల్లు బాడుగకు తీసుకుంది కొండమీద ఆయన దగ్గరా, నీ దగ్గరా?"

గిలక సంగతి ధనంజయ నాలుగుసార్లు చెప్పినాడు. మొదటిసారి కొండ వైపు చెయ్యి లేచింది. రెండోసారి ఇనుము ఇంకా కంట్రోలులో ఉందనీ గిలకలు దొరకవనీ చెప్పినాడు. మూడోసారి గంగజాతర అయ్యేదాకా వడ్రంగులు పనిముట్టు పట్టరన్నాడు. నాలుగోసారి ధనంజయే దూలం తెచ్చి వేసుకుంటానంటే, ఆదిమూలం మెత్తగానే భయపడినాడు. గట్టుకు అటూఇటూ నిలిపిన తన రాతికూసాల మీద ఇంకొకరి దూలం కూర్చుంటే రేపు బావి ఎవరిదని అడిగితే తానేం చెప్పాలన్నాడు.

ధనంజయ అప్పుడు బి.ఏ. చదివినవాడు చేయవలసిన పని చేసినాడు. ఇళ్ల బాడుగల మీద మద్రాసు ప్రభుత్వం చట్టం చేసిందని పత్రికలో చదివి ఉన్నాడు. బొబ్బల చేత్తోనే కలం పట్టి, నాలుగు పేజీల నోటీసు ఇంగ్లీషులో రాసినాడు. ఇల్లు బాడుగకిచ్చినవాడు నీటి వసతి చెడకుండా చూడాలి, ఏడు దినాల్లో గిలక ఎత్తించకపోతే అధికారికి అర్జీ పెట్టుకుంటాను, అని అందులో సారాంశం. రిజిస్టరు చేయించి, పక్కింటికి టపాలో పంపించినాడు.

మర్నాడు ఆదిమూలం ఆ కవరును రెండు వేళ్లతో, తేలును తోక పట్టి తెచ్చినట్టు పట్టుకుని, ధనంజయ వాకిట్లోకే వచ్చినాడు.

"అయివారూ, ఏందో కోర్టు కాయితం మాదిరి ఉండాది. ఇంగ్లీషు. కొంచెం సదివి సెప్పు."

ధనంజయ ఆ కవరు మీది తన దస్తూరినే చూసినాడు. ఆ కాగితం తానే రాసినట్టు చెప్పినాడు. ఆదిమూలం కోప్పడలేదు. ముఖంలో భయం పోయి, తేటపడింది. అరుగు మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు.

"నువ్వేనా. మంచిదైపోయ. ఎవురో అనుకొని రాత్రంతా నిద్ర లేదబ్బా. సరే, దీనికి జవాబియ్యాల గదా. అది గూడా నువ్వే రాయి."

"నా నోటీసుకు నేనే జవాబు రాసేదెట్ల మామా?"

"ఈ వీధిలో ఇంగ్లీషు వచ్చినోడు ఇంకెవుడుండాడో నువ్వే సెప్పు, వాని దగ్గరికే పోతాను."

ఇంకెవడూ లేడు. అది ధనంజయకూ తెలుసు. ఆ వీధిలోని అర్జీలన్నీ అతను రాసినవే. దానికొక కారణం ఉంది. అతని తండ్రి మునిరామయ్యకు చదువు రాదు. ఒకసారి ఎవరో బందెలదొడ్డి కాగితమని చెప్పి ఒక పత్రం మీద వేలిముద్ర వేయించుకున్నారు. దాంతో బావి కింది ఎకరా చేను పోయింది. కొడుకు బి.ఏ. ప్యాసైన నాడు ఆయన మూడు మాటలు చెప్పినాడు: నాయనా, ఎవురొచ్చి రాయమన్నా కాదనొద్దు. వాళ్లు సెప్పిందే రాయి. రాసింది పూర్తిగా సదివి వినిపించినాకనే వేలిముద్ర వేయించు. ఇంటాయన వచ్చి అడిగితే మాత్రం రాయొద్దని ఆయన చెప్పి పోలేదు.

ధనంజయ సిరాబుడ్డి తెచ్చుకున్నాడు.

ఆదిమూలం చెప్పింది ఒక్క ముక్కే: బావి బాగానే ఉండాది, వీళ్లే ఎక్కువ తోడినారు. ఇంత పల్చటి జవాబును ఏ అధికారీ లెక్కచేయడని ధనంజయకు తోచింది. పరాయివాడి పనిని తక్కువ శ్రద్ధతో చేస్తే అది మోసమే కదా. అందుకని అడగడం మొదలుపెట్టినాడు. ఇల్లు తీసుకున్నప్పుడు ఎందరుండిరి? ఇద్దరు. ఇప్పుడెందరు? ఆదిమూలం వేళ్లు మడిచి, అయివారు, పెండ్లాం, తల్లి, బిడ్డ, నలుగురన్నాడు. బాలింత ఇంట్లో వేణ్నీళ్లకే రోజుకు పదిహేను చేదలు పోతాయని ఆదిమూలానికి తెలియకపోతే ధనంజయే గుర్తుచేసినాడు. కలం జోరందుకుంది. దూలానికి పట్టిన చెదల మాట దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగి, చెదలు దైవికమని రాయించుకుంటావా మామా అని అడిగితే, ఆదిమూలం సంతోషంగా కొండకు దండం పెట్టినాడు.

రాసింది ధనంజయ మరోసారి చదువుకున్నాడు. తన నోటీసు నాలుగు పేజీలున్నా ఈ రెండు పేజీల ముందు నిలబడేది కాదు. తానే అధికారి అయితే ఇంటాయన పక్షమే తీర్పు చెప్పి ఉండేవాడు.

లోపల మంచంమీద పడుకున్న మునిలక్ష్మి అంతా విన్నది. భోజనాల వేళ మెల్లగా అడిగింది. "ఇంటాయన అనుమతి లేకుండా ఇంట్లో జనాన్ని పెంచినారని రాసినారంట గదా. ముందే పోయి ఆయన్ను అడిగి ఉండాల్సింది మీరు."

ధనంజయ మజ్జిగన్నంలోకి చూస్తూ, అది తన మాట కాదనీ, ఆయన తరఫు మాటనీ చెప్పినాడు.

"ఈడు నా కడుపున పుట్టినాడా, ఆదిమూలం కడుపున పుట్టినాడా" అని తాయమ్మ పొయ్యిని అడిగింది.

జవాబు సంతకానికి సిద్ధమయ్యేసరికి పద్దెనిమిదో రోజు వచ్చింది. ధనంజయ పద్ధతిగా, కింద 'ఇంటి యజమాని' అని రాయడానికి ఇంటి పత్రం ఎవరి పేరున ఉందని అడిగినాడు. మామూలుగా అడిగిన మాటే. ఆదిమూలం మాత్రం గొంతు సవరించుకుని, అదెందుకులే అన్నాడు. యజమాని కానివాడు సంతకం చేస్తే కాగితం చెల్లదని ధనంజయ వివరించినాడు. ఆదిమూలం కండువా తీసి దులిపి, మళ్లీ వేసుకున్నాడు.

సంగతేమంటే, పక్కపక్కనున్న ఆ రెండు ఇళ్లూ అతని భార్య వరదమ్మవి. తిరుచానూరులో పూలతోటలున్న ఆమె తండ్రి పసుపు కుంకుమ కింద ఆమె పేరున రాసిచ్చినాడు. ఇన్నేళ్లూ ఇంటాయన అనిపించుకున్నవాడు నిజానికి ఇంటామె మొగుడు. వరదమ్మ నెల రోజులుగా తిరుచానూరులో, మల్లెల కాలం గనక అన్న తోటలో ఉంది. ఏం గిలకో, ఏం నోటీసో ఆమెకు తెలియదు.

ధనంజయ జవాబును ఆమె పేరున మార్చి రాసినాడు. వేలిముద్ర వేసి పోవడానికి ఆమెను పిలుచుకురాక తప్పలేదు.

పంతొమ్మిదో రోజు పొద్దున జట్కా వచ్చి ఆగింది. వరదమ్మ ఒడినిండా మల్లెలతో దిగి, మొగుడు చూపించిన కాగితాల వైపు కన్నెత్తకుండా, నేరుగా లోపలికి పోయి బిడ్డను ఎత్తుకుంది. నెలైనా నిండలేదు, అప్పుడే కనుబొమలు ఎంత చక్కగా ఉండాయో అన్నది. ఆ బిడ్డనట్లే ఒళ్లో పెట్టుకుని అరుగు మీదికి వచ్చి కూర్చుంది. ఎదురింటి వాళ్లిద్దరు పని ఉన్నట్టు బయట నిలబడినారు.

"యాడ వెయ్యాల ముద్ర?" అన్నది.

ఆదిమూలం అక్కడే వెయ్యమని చూపించినాడు. ధనంజయ అడ్డం వచ్చినాడు. చదివి వినిపించనిదే వేయించడు. ఆదిమూలం చదవడానికి ఏముందిలే అన్నాడు, ఎండ అన్నాడు, జట్కా వాడు కాచుకుని ఉన్నాడన్నాడు. ధనంజయ అప్పటికే నిలబడి, బడిలో పాఠం చెప్పే గొంతుతో, ఒక్కొక్క వాక్యాన్ని తెలుగు చేస్తూ చదవడం మొదలుపెట్టినాడు.

నీళ్లు ఎక్కువ తోడినారన్న మాట దగ్గర వరదమ్మ తల ఊపింది. చెదలు దైవికమన్న చోట మొగుడి వైపు ఒకసారి చూసింది. "మూడో అంశం" అని ధనంజయ చదివినాడు. "పై చెప్పిన బాడుగదారుడు, ఇంటి యజమానురాలినైన నా అనుమతి పొందకనే, ఒక బిడ్డను ఇంట్లో అదనముగా చేర్చినాడు. సదరు బిడ్డ మా ఒప్పందములో లేదు."

సదరు బిడ్డ వరదమ్మ ఒళ్లో ఆవులించింది.

"ఈ మాట ఎవురిది?" అని వరదమ్మ అడిగింది.

"రాసింది అయివారే" అన్నాడు ఆదిమూలం.

"మామ చెప్పిన దానికి రాసినాను అత్తా. మాటల పొందిక నాది" అని ధనంజయ నిజం చెప్పినాడు.

వరదమ్మ మొగుడి వైపు తిరిగింది. "నాకు ఒక్క బిడ్డనియ్యమని కొండకు పదకొండేండ్లు నడిచినాను. నా ఇంట్లో బిడ్డ పుడితే, పుట్టకూడదని నా పేరుతోనే రాయిస్తివా?" అన్నది. గొంతు పెంచలేదు. ఎదురింటి వాళ్లు మాత్రం లోపలికి పోయినారు.

ఆమె రెండో కాగితం చదవమన్నది. ధనంజయ తన నోటీసును, అంతకంటే తక్కువ గొంతుతో, చదివి వినిపించినాడు. గిలక సంగతీ, దూలం సంగతీ, ఇరవై ఒకటో రోజు సంగతీ విని ఆమె బిడ్డను చెయ్యి మార్చుకుంది.

"దీంట్లో అబద్ధం లేదు. దీనికి వేస్తాను."

"అత్తా, అది మీ మీద పెట్టిన నోటీసు."

"ఎవురి మీదైతే ఏమి, నిజమే గదా" అని వరదమ్మ బొటనవేలు సిరాలో ముంచి, ధనంజయ సంతకం పక్కనే గట్టిగా ఒత్తింది. ఇల్లు గలామె, తనింటి గిలకను తానే ఎత్తించాలని, తన మీదే పెట్టుకున్న డిమాండు అయిపోయింది అది. చట్టంలో ఇట్లాంటిదానికి తావు లేదని ధనంజయ చెప్పబోతే, తాయమ్మ వెనకనుంచి అతని చొక్కా పట్టుకుని లాగింది.

వరదమ్మ జట్కాను వెనక్కి పంపించి, అన్న తోటనుంచి చెదలు ముట్టని చండ్రకర్ర దూలం వేయించుకురమ్మన్నది. జాతర అయ్యేదాకా పనిముట్టు పట్టడని ఆదిమూలం చెప్పిన వడ్రంగి, వరదమ్మ పిలిచిందంటే గంటలో వచ్చినాడు. ఆదిమూలం ఇరవయ్యో రోజంతా బావి గట్టు మీద బోర్లా పడుకుని, పొడుగాటి తాడుకు కొక్కేలు కట్టి నీళ్లలో దేవులాడినాడు. సాయంకాలానికి గిలక పైకి వచ్చింది. గిలక చెక్కుచెదరలేదు, ఇనుము కంట్రోలుతో పనే పడలేదు. దానితోపాటు నాలుగేళ్ల కిందట పాత బాడుగవాళ్లు ఎత్తుకుపోయినారని వీధంతా చెప్పుకున్న ఇత్తడి చెంబు కూడా వచ్చింది. దాన్ని ఆదిమూలం కండువా కింద పెట్టుకుని ఇంటికి పోయినాడు.

ఇరవై ఒకటో రోజు మునిలక్ష్మి పసుపు చీర కట్టుకుని, బావికి బొట్టు పెట్టి చేద వేసింది. గిలక కిర్రుమని తిరిగింది. మూడు చేదలూ తొణక్కుండా వచ్చినాయి. బిడ్డ వరదమ్మ చేతుల్లో ఉంది. ధనంజయ తన బొబ్బల చేతులు వెనక పెట్టుకుని, కళ్లు తుడుచుకోవడానికి వీలులేక అట్లే నిలబడినాడు. ఆదిమూలం కొండ వైపు చెయ్యెత్తి, ఆయనే సూసుకున్నాడన్నాడు. సూసుకున్నాడు గాని, మధ్యలో నీ చేత కొక్కేలు పట్టించినాడని తాయమ్మ అన్నది.

నాలుగు రోజులకు తాయమ్మ పల్లెకు పోయింది. ఆ మర్నాడు ఆదిమూలం ఒక తెల్ల కాగితం పట్టుకుని మళ్లీ అరుగెక్కినాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించినాడు.

"అయివారూ, నేను పండుకొనే చోట పెంకులు పగిలినాయి. వానాకాలం వస్తాండాది. ఇంట్లో ఆమెకు మూడుసార్లు సెప్పినాను."

"ఏమంటుంది మామా?"

ఆదిమూలం చెయ్యి కొండ వైపు ఎత్తి చూపించినాడు.

ధనంజయ సిరాబుడ్డి మూత తీసినాడు. ఇంటి యజమాని పెంకులు చెడకుండా చూడాలన్నది తనకు బాగా వచ్చిన పాఠమే. ఆ ఇంట్లో ఎన్నాళ్లనుంచి ఉంటున్నారని అడిగినాడు. ముప్పై ఏళ్లని ఆదిమూలం చెప్పినాడు. ఒప్పందం ఏమైనా ఉందా అంటే, పెళ్లే అన్నాడు. ధనంజయ అదీ రాసుకున్నాడు.

"ఒక్క మాటప్పా," అన్నాడు ఆదిమూలం లేస్తూ. "ఆమెకు సదివి వినిపించేటప్పుడు నన్ను ఈడ ఉండమని మాత్రం అడగొద్దు."